కొత్త పంపు కొన్నాక తెలిసింది, తప్పు పంపుది కాదని

బయోచార్ కోసం తుమ్మ, సుబాబుల్ మొద్దులు చీల్చడానికి నేను సొంతంగా చేసుకున్న మిషన్‌ని పోయిన వీడియోలో చూశారు కదా. పాత డీజిల్ ఇంజన్, గేర్ పంపు, 100 మిల్లీమీటర్ల సిలిండర్. నెల తిరక్కుండానే మొరాయించింది. ఖాళీగా అయితే రాడ్డు చక్కగా వెళ్తోంది, మొద్దు తగలగానే ఆగిపోతోంది.

మెకానిక్ వచ్చి "పంపు పోయింది" అన్నాడు. 6,500 పెట్టి కొత్తది కొన్నాను. బిగించి చూస్తే మళ్లీ అదే కథ!

అప్పుడు గానీ ఇంజన్ శబ్దం మీద ధ్యాస పెట్టలేదు. రాడ్డు ఆగినా ఇంజన్ మాత్రం హాయిగా తిరుగుతోంది, బరువు పడిన మూలుగే లేదు. అంటే ఆయిల్ పని చెయ్యకుండా ఎక్కడో దారి చూసుకుని ట్యాంకులోకి పోతోందన్నమాట. అదే ఇంజన్ ఆగిపోయేంత మూలిగితే ప్రెషర్ అందుతున్నట్టే, అప్పుడు వెతకాల్సింది వేరే చోట.

ట్యాంకు మూత తీస్తే ఆయిల్ మజ్జిగలా నురగ. పంపుకి వెళ్లే సక్షన్ పైపు క్లిప్పు వదులై గాలి పీలుస్తోంది. పంపు నడుస్తుండగా ఆ అతుకు మీద కాస్త ఆయిల్ పోస్తే శబ్దం మారింది, దొంగ దొరికాడు. రిటర్న్ పైపు కొస కూడా ఆయిల్ మట్టం కింద మునిగి ఉండాలి, లేకపోతే నురగ తగ్గదు. రెండూ సరిచేశాను. గరగర పోయింది గానీ బలం రాలేదు.

ఇక పంపుకీ వాల్వ్‌కీ మధ్య ప్రెషర్ గేజి పెట్టాను (ఇది మొదటి రోజే పెట్టుకోవాల్సింది). మొద్దు తగిలినప్పుడు 50 బార్ దాటట్లేదు. మా సిలిండర్‌కి 150 బార్ అందితే సుమారు 12 టన్నుల తోపు వస్తుంది, 50కి 4 టన్నులే. ఆ తోపుకి తుమ్మ కణుపు ఏం చీలుతుంది?

అనుమానం రెండింటి మీద: సిలిండర్ లోపలి సీలు, లేదా రిలీఫ్ వాల్వ్. సీలు పరీక్ష వీడియోలో పూర్తిగా చూపించాను. రాడ్డుని చివరిదాకా చాపి, ఇంజన్ ఆపి, లివర్ అటూ ఇటూ కదిపి ప్రెషర్ వదిలేయాలి. రాడ్డు వైపు పైపు విప్పి, దాని కొసకి బిరడా బిగించాలి. మళ్లీ ఇంజన్ వేసి చాపే వైపే లివర్ నొక్కితే, సిలిండర్ తెరిచిన రంధ్రం నుంచి ఆయిల్ ఆగకుండా వస్తే సీలు పోయినట్టు. మాది నాలుగు చుక్కలు రాలి ఆగిపోయింది. సీలు బాగానే ఉంది.

రిలీఫ్ వాల్వ్ విప్పాను. విప్పే ముందు స్క్రూ ఎంత లోపలికి ఉందో కొలుచుకోండి, స్ప్రింగు వరస ఫోటో తీసుకోండి. లోపల ఆవగింజంత వెల్డింగ్ చిట్టెం ఇరుక్కుని వాల్వ్‌ని మూసుకోనివ్వట్లేదు. ఆ చిట్టెం నేను వెల్డింగ్ చేసిన ట్యాంకుదే. కడగకుండా ఆయిల్ పోసింది నేనే, ఎవర్ని అంటాం?

బలం చాలట్లేదని ఆ స్క్రూ ఇంకా బిగించకండి, పైపులు పగులుతాయి. లీకుని చేత్తో అస్సలు తడమొద్దు, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. సన్నని ధార చర్మంలోకి దూరితే ముల్లు గుచ్చినట్టే కనిపిస్తుంది గానీ వేలే పోవచ్చు. నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ప్రెషర్ ఆయిల్ అని చెప్పాలి.

ట్యాంకు డీజిల్‌తో కడిగి, అడుగున అయస్కాంతం పెట్టి, కొత్త ఫిల్టర్, కొత్త ఆయిల్ వేశాను. ఇప్పుడు గేజి 150 చూపిస్తోంది. తీసిన పాత ఆయిల్‌ని చెద పట్టకుండా గుంజలకు పూయమన్నారు మా పక్క చేను ఆయన. మన నేలలో అది దేనికండీ! డబ్బాకెత్తి పాత ఆయిల్ కొనేవాళ్లకి ఇచ్చేశాను.