జిరోనా నగరము: చూపునకును రుచికిని ఒకే పట్టిక

దూరదేశ యాత్రకు బయలుదేరువారు సాధారణముగ రెండు పట్టికలు వ్రాసికొందురు. చూడవలసిన వానికి ఒకటి, భుజింపవలసిన వానికి మరియొకటి. మొదటిది శ్రద్ధతో వ్రాయబడును. రెండవది ఆకలివేసినపుడు చూచుకొందములెమ్మని సగములో విడువబడును. స్పెయిను దేశమున ఈశాన్యపు మూలనున్న కాటలోనియాలో, జిరోనా నగరమున ఈ పద్ధతి చెల్లదు. అచ్చట చరిత్రకును అన్నమునకును గాఢమైన సంబంధము కలదు.

జిరోనా జనసంఖ్య లక్షకు కొంచెము మించును. బార్సిలోనాకు ఉత్తరముగ సుమారు 100 కిలోమీటర్ల దూరమున, ఓన్యార్ నది టేర్ నదిలో కలియుచోట ఈ నగరము వెలసినది. వేగపు రైలులో సుమారు 40 నిమిషముల ప్రయాణము. ఈ సామీప్యమే దానికి వరమును శాపమును అయినది. ఉదయము దిగి, మెట్లెక్కి, నదీతీరమున రంగురంగుల యిండ్లకు ఛాయాచిత్రములు తీసికొని, సాయంకాలపు బండికి మరలువారే అధికము. వారికి కట్టడములు కనబడును గాని, ఊరివారి బ్రదుకు కనబడదు.

కనుక యాత్రికుడు మొదట తెలిసికొనవలసినది ఆ ఊరి వేళలను. మధ్యాహ్న భోజనము రెండు గంటల ప్రాంతమున, రాత్రి భోజనము తొమ్మిదింటికి అచ్చటి వాడుక. మధ్యాహ్నము చిన్న దుకాణములు పెక్కు మూతపడును. సోమవారము కొన్ని ప్రదర్శనశాలలు తెరువరు. ఊరు భోజనమునకు కూర్చున్నవేళ తాను వీధులు తిరిగి, ఊరు పనిలోనున్నవేళ తాను తిండి వెదకువాడు మూసిన తలుపులనే చూచును. ఉదయము దేవాలయమునకును పాతవాడకును, మధ్యాహ్నము భోజనమునకు, సాయంకాలము కోటగోడకు కేటాయించుట మేలు.

ఉదయమున సుమారు 90 మెట్లెక్కినచో ప్రధాన క్రైస్తవ దేవాలయము చేరుదుము. దాని మహామంటపము వెడల్పు సుమారు 23 మీటర్లు. గోథిక్ శైలి దేవాలయములలో ఇంత వెడల్పుగల మంటపము ప్రపంచమున మరియొకటి లేదు. దీని వెనుక ఒక వివాదము కలదు. 1416లో దేవాలయాధికారులు పన్నెండుమంది శిల్పాచార్యులను రప్పించి, స్తంభపంక్తులతో మూడు భాగములుగ కట్టుట మంచిదా, ఒకే మంటపముగ కట్టుట మంచిదా అని విచారించిరి. ఎక్కువమంది మూడు భాగములే క్షేమమనిరి. ఒకే మంటపము నిలుచునని స్థపతి గియెం బోఫీల్ వాదించెను. అధికారులు ఆతని మాటనే నమ్మిరి. ఆ కప్పు నేటికిని చెక్కుచెదరలేదు. అచ్చటి నిధిశాలలో సృష్టి కథను సూదిపనిలో చూపిన ప్రాచీన వస్త్రమొకటి కలదు. సుమారు తొమ్మిదివందల ఏండ్లనాటి ఆ వస్త్రముపై ఆదాము జంతువులకు పేర్లు పెట్టుచుండును.

దేవాలయము దిగువనే 'కాల్' అను ప్రాచీన యూదుల వాడ కలదు. ఇద్దరు ప్రక్కప్రక్కన నడువ కష్టమగు సందులవి. గొప్ప యూదు పండితుడు మోషే బెన్ నహ్మాన్ 1194లో ఈ నగరముననే జన్మించెను. 1263లో బార్సిలోనాలో రాజసమక్షమున క్రైస్తవ పండితులతో మతవాదము చేసి, ఆ పిమ్మట స్వదేశము విడిచి, వృద్ధాప్యమున యెరూషలేము చేరెను. మతము మార్చుకొనని యూదులందరు దేశము విడువవలెనని 1492లో రాజశాసనము వెలువడెను. వాడ మిగిలినది గాని, వాడవారు మిగులలేదు. నేటి ప్రదర్శనశాలలో హీబ్రూ అక్షరములు చెక్కిన సమాధిశిలలున్నవి. కాలము చాలక యాత్రికులు దాటిపోవు చోటు ఇదియే. వేరేమి విడిచినను దీనిని విడువరాదు.

రెండు గంటలకు భోజనము. పనిదినములలో పెక్కు హోటళ్లు ఒకే వెలకు రెండు వంటకములు, పిదప తీపి లేక పండు వడ్డించును. మితవ్యయమున తిరుగువారికి ఇది గొప్ప సదుపాయము. రొట్టెపై పండిన టొమాటోను రుద్ది, ఆలివు నూనెయు ఉప్పును చల్లి తినుట కాటలాను ప్రజల నిత్యాహారము. వంకాయ, మిరప, ఉల్లి నిప్పులపై కాల్చి ఒలిచి వడ్డించు 'ఎస్కలివాడా' శాకాహారులకు తగినది. అయితే కూరవంటకములలోను మాంసపు తునకలు పడుట కలదు గనుక ముందుగ అడిగి తెలిసికొనవలెను. మీగడ వంటి తీపి ముద్దను లోపల నింపి, నూనెలో వేచి, చక్కెర అద్దిన 'షూషో' ఈ ఊరి సొంత మిఠాయి.

ఈ నగరపు వంటకు ప్రపంచఖ్యాతి తెచ్చినవారు రోకా సోదరులు మువ్వురు. వారి తల్లిదండ్రులు 1967లో ఊరి అంచున శ్రామికులు నివసించు పేటలో చిన్న భోజనశాల తెరచిరి. కుమారులు 1986లో దాని ప్రక్కనే 'ఎల్ సెల్యేర్ దె కాన్ రోకా' స్థాపించిరి. 2013లోను 2015లోను అది ప్రపంచమున ఉత్తమ భోజనశాలగ ఒక ప్రసిద్ధ పట్టికలో ప్రథమస్థానము నందినది. అచ్చట చోటు కావలెనన్న నెలల ముందుగనే కోరవలెను, ఖర్చును అంతటిదే. అది సామాన్యులకు అందకపోయినను, ఆ కీర్తికి పునాది తల్లి వండిన సామాన్యుల భోజనమేయని తెలిసినవానికి సాధారణపు బల్లయు గౌరవనీయముగ తోచును.

ఎండ తగ్గిన పిదప కోటగోడపై నడువవలెను. పైనుండి ఊరంతయు, ఆవల పర్వతములును కనబడును. 1809లో నెపోలియన్ సేనలు ఈ గోడలను ఏడు నెలలు ముట్టడించినవి. ఫిరంగులకు లొంగని ప్రజలను ఆకలియు రోగమును క్రుంగదీసినవి. డిసెంబరులో నగరము లొంగెను. ఆ గోడపై నిలిచి క్రింద దీపములు వెలుగు భోజనశాలలను చూచినవానికి, కడుపునిండిన భోజనము ఆ ఊరికి ఎంత విలువైనదో బోధపడును.

వీలయినచో ఆ రాత్రి అచ్చటనే యుండవలెను. సాయంకాలపు బండ్లు వెడలిపోయిన పిదప సందులు మరల ఊరివారివగును. తొమ్మిదింటికి కుటుంబములు బల్లలచుట్టు చేరును. వారి నడుమ కూర్చుండి ఒక్క పూట తిన్నవాడు, నాలుగు కట్టడములు తక్కువ చూచినను, జిరోనాను చూచినవాడే యగును.