వరిలో సుడిదోమ నిరోధకత: నారు ట్రే పరీక్షలో 9 స్కోరుకు అర్థమేమిటి?

సుడిదోమను తట్టుకొనే వరి వంగడాల ఎంపిక సాధారణంగా గ్లాస్‌హౌస్‌లోని ఒక చిన్న ట్రేతో మొదలవుతుంది. మట్టి నింపిన ట్రేలో మొలకెత్తిన విత్తనాలను వరుసలుగా నాటుతారు. దోమకు పూర్తిగా లొంగిపోయే తైచుంగ్ నేటివ్-1, బలమైన నిరోధకత గల పిటిబి-33 ప్రతి ట్రేలోనూ ఉండాలి. నారుకు 10-12 రోజుల వయసు రాగానే మొక్కకు 6-8 చొప్పున రెండు, మూడు దశల పిల్ల దోమలను వదులుతారు. తైచుంగ్ నేటివ్-1లో సుమారు 90 శాతం మొక్కలు చనిపోయిన రోజున మిగిలిన వరుసలకు 0 నుండి 9 వరకు స్కోరు ఇస్తారు. ఆ రోజు దాటితే మధ్యస్థ నిరోధకత గల వరుసలు కూడా 9కి చేరవచ్చు. సెలవు రోజున ట్రేలను చూసేవారు లేకపోవడం చిన్న విషయం కాదు.

వందలాది వంగడాలను తక్కువ స్థలంలో, తక్కువ కాలంలో వడపోయడానికి ఈ పద్ధతి ఎంతో అనువైనది. చిక్కంతా 9 వచ్చిన వరుసలన్నిటినీ వెంటనే పారవేయడంలోనే ఉంది. నిరోధకతను పెయింటర్ 1951లోనే మూడు విధాలుగా విభజించాడు: పురుగు మొక్కను ఇష్టపడకపోవడం, మొక్కపై పురుగు సరిగా వృద్ధి చెందకపోవడం, పురుగు తిన్నప్పటికీ మొక్క నిలదొక్కుకోవడం. లేత నారుపై ఇన్ని దోమలు ఒకేసారి పడినప్పుడు మూడవ లక్షణం బయటపడే అవకాశం బహు స్వల్పం.

ఫిలిప్పీన్స్ అనుభవం ఇక్కడ గమనార్హం. బిపిహెచ్-1 జన్యువు గల ఐ.ఆర్.26 రకం 1973లో విడుదలైన కొద్ది సంవత్సరాలకే దోమకు లొంగిపోయింది. 1985లో విడుదలైన ఐ.ఆర్.64లోనూ ఉన్నది అదే జన్యువు. అయినా ఆ జన్యువును అధిగమించిన దోమల మధ్యనే అది పొలంలో చాలాకాలం నిలిచింది. స్వల్ప ప్రభావం గల ఇతర జన్యువులు దానికి తోడయ్యాయని తరువాతి పరిశోధనలు సూచించాయి. ఇటువంటి మధ్యస్థ నిరోధకతను గుర్తించడానికే సవరించిన ట్రే పరీక్ష వచ్చింది. ఇందులో సుమారు 20 రోజుల నారుపై తక్కువ సంఖ్యలో దోమలను వదిలి, వాటి సంతతి కలిగించే నష్టాన్ని నమోదు చేస్తారు.

తేనెబంక పరీక్ష మరో ఆధారం. బ్రోమోక్రెసాల్ గ్రీన్ పట్టించిన వడపోత కాగితాన్ని మొక్క మొదట్లో అమర్చితే, దోమ పోషక నాళాల రసాన్ని పీల్చి విసర్జించిన చోట నీలి మచ్చలు ఏర్పడతాయి. మచ్చల విస్తీర్ణం తక్కువైతే దోమ సరిగా తినలేదన్నమాట. విస్తీర్ణం తైచుంగ్ నేటివ్-1తో సమానంగా ఉండి కూడా మొక్క బతికి ఉంటే, అది సహనశక్తికి సూచన. అటువంటి వంగడాన్ని కుండీలలో పెద్ద మొక్కలపై మళ్ళీ పరీక్షించాలి.

ఏ దోమలతో పరీక్షించారన్నది కూడా నమోదు కావాలి. ఫిలిప్పీన్స్‌లో కొంతకాలం పనిచేసిన బిపిహెచ్-1, బిపిహెచ్-2 జన్యువులు భారతదేశపు దోమల ముందు నిలవవు. ప్రయోగశాలలో తరతరాలుగా తైచుంగ్ నేటివ్-1 పైనే పెరిగిన దోమలు పొలంలోని దోమలకు పూర్తి ప్రతినిధులు కాకపోవచ్చు. కాబట్టి రైతుల పొలాల నుండి తెచ్చిన దోమలను సీజనుకొకసారైనా పెంపకంలో కలిపి, సేకరించిన గ్రామం, తేదీ, అక్కడి వరి రకం స్కోరు పుస్తకంలో రాసుకోవాలి.