అతిథిగా వెళ్లి వారధిగా తిరిగి రావడం: విద్యార్థుల మార్పిడి గురించి తెలుగు కుటుంబాలు తెలుసుకోవలసినవి

విదేశీ చదువు అనగానే మనలో చాలామందికి విశ్వవిద్యాలయాలు, బ్యాంకు రుణాలు, వీసా ఏజెంట్లు గుర్తుకు వస్తారు. ఈ వ్యాసంలో వివరించే విద్యార్థుల మార్పిడి వేరొక ఏర్పాటు. పదిహేను, పదహారేళ్ల బడిపిల్లలు పరాయి దేశంలో గాని, పరాయి రాష్ట్రంలో గాని కొన్ని నెలలు నివసించి, అక్కడి బడిలో చదివి, తిరిగి సొంత ఇంటికి చేరుకుంటారు. దీనివల్ల పట్టా రాదు, ఉద్యోగమూ రాదు. మరొకరి ఇంట్లో, మరొకరి భాషలో, మరొకరి పద్ధతుల మధ్య మెలగడం మాత్రం అలవడుతుంది. దీనినే అంతర సాంస్కృతిక అభ్యాసం అంటారు.

ఉద్యోగ, వ్యాపారాల నిమిత్తం ధర్మపురికి వచ్చి స్థిరపడిన తెలుగువారికి ఈ అనుభవం కొంత తెలిసినదే. మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, తరగతిలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరుగుతున్నారు. ఆ నేర్పును విలువైనదిగా గుర్తించి, క్రమపద్ధతిలో పెంపొందించే సంస్థలు లోకంలో ఉన్నాయి. వాటిలో చాలావరకు జీతం తీసుకోని సామాన్యుల శ్రమ మీదనే నడుస్తున్నాయి.

అంబులెన్సు చోదకులు మొదలుపెట్టిన పని

ఇటువంటి సంస్థలలో ప్రసిద్ధమైనది ఏ.ఎఫ్.ఎస్. దీని తొలి పేరు అమెరికన్ ఫీల్డ్ సర్వీస్. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1915లో, ఫ్రాన్సు యుద్ధరంగంలో గాయపడిన సైనికులను ఆసుపత్రులకు చేర్చడానికి అమెరికా యువకులు స్వచ్ఛందంగా అంబులెన్సులు నడిపారు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆ సేవ ఆఫ్రికా, ఇటలీలతో పాటు మన దేశపు తూర్పు సరిహద్దు వరకు, బర్మా యుద్ధరంగం వరకు విస్తరించింది.

యుద్ధం ముగిసిన తరువాత, 1946లో, స్టీఫెన్ గలాటీ నాయకత్వంలో ఆ చోదకులే ఒక నిర్ణయానికి వచ్చారు. గాయపడిన వారిని మోయడం కంటే గాయాలకు కారణమైన అపరిచయాన్ని తొలగించడం మేలని వారు భావించారు. 1947లో పది దేశాల నుండి 52 మంది విద్యార్థులు అమెరికా కుటుంబాలలో ఉండి చదువుకోవడానికి వచ్చారు. నేడు ఆ సంస్థ శాఖలు యాభైకి పైగా దేశాలలో పనిచేస్తున్నాయి. భారతదేశంలోనూ దానికి శాఖ ఉంది.

ఇదే ఆశయంతో, మరింత చిన్న పిల్లల కోసం, డోరిస్ అలెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1951లో అమెరికాలోని సిన్సినాటి నగరంలో అంతర్జాతీయ బాలల శిబిరాన్ని ఏర్పాటు చేశారు. సి.ఐ.ఎస్.వి. పేరుతో సాగుతున్న ఆ శిబిరాలకు పదకొండేళ్ల పిల్లలు వస్తారు. ఇతరుల పట్ల వ్యతిరేక భావం గట్టిపడకముందే స్నేహం నాటుకోవాలన్నది అలెన్ ఆలోచన.

జీతం లేని వ్యవస్థ ఎలా నడుస్తుంది?

మార్పిడి కార్యక్రమానికి మూల స్తంభం ఆతిథేయ కుటుంబం. ఆ కుటుంబం విద్యార్థిని అద్దెకు ఉన్న వ్యక్తిగా గాక తమ పిల్లలలో ఒకరిగా చూస్తుంది. విద్యార్థి కూడా ఇంటి పనులలో పాలు పంచుకోవాలి, ఇంటి కట్టుబాట్లకు లోబడాలి. అమెరికాలో బడిపిల్లల మార్పిడికి సంబంధించిన ప్రభుత్వ నిబంధనలు ఆతిథేయ కుటుంబానికి డబ్బు చెల్లించడాన్ని నిషేధిస్తున్నాయి. ధనాశతో పిల్లలను చేర్చుకొనే ఇళ్లకు తావివ్వకూడదన్నదే ఇందులోని ఉద్దేశం.

ఆ నిబంధనలు మరికొన్ని రక్షణలు కూడా కల్పించాయి. విద్యార్థిని పంపకముందే ఆతిథేయ కుటుంబ సభ్యులను వారి ఇంటికి వెళ్లి కలుసుకోవాలి. ఆ ఇంట్లోని పెద్దలపై నేర చరిత్ర ఉందేమో విచారించాలి. స్థానిక సమన్వయకర్త ప్రతి నెలా విద్యార్థితోనూ, కుటుంబంతోనూ మాట్లాడాలి. ఒక విద్యార్థికి ఆతిథ్యమిచ్చే వ్యక్తే ఆ విద్యార్థికి సమన్వయకర్తగా ఉండరాదు. ఇంట్లో కలిగిన ఇబ్బందిని చెప్పుకోవడానికి ఆ ఇంటితో సంబంధం లేని మనిషి ఒకరు ఉండితీరాలన్నది దీని సారాంశం. ముఖ్యంగా ఆడపిల్లలను పంపదలచిన తల్లిదండ్రులు ఏ దేశపు కార్యక్రమంలోనైనా ఈ రక్షణల గురించి అడిగి తెలుసుకోవాలి.

వెళ్లినప్పుడు ఒక అలజడి, వచ్చినప్పుడు మరొకటి

కొత్త చోట మనసు ఎలా కుదుటపడుతుందో పరిశోధకులు శ్రద్ధగా గమనించారు. నార్వేకు చెందిన లీస్‌గార్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త, అమెరికాకు వెళ్లివచ్చిన తన దేశస్థుల అనుభవాలను పరిశీలించి 1955లో ఒక వివరణ ఇచ్చారు. మొదట ఉత్సాహం, కొన్ని నెలలకు దిగులు, ఆ తరువాత క్రమంగా కుదురు. ఈ గమనం లోయలోకి దిగి మళ్లీ గట్టెక్కినట్లు ఉంటుంది. 1963లో గల్లహార్న్ దంపతులు దీనికి రెండవ లోయను చేర్చారు. సొంత ఊరికి తిరిగి వచ్చినవారు కూడా అటువంటి దిగులుకే లోనవుతారని వారు చూపారు. అందరి అనుభవం ఈ గీత ప్రకారమే సాగదు. అయినా ఇటువంటి దశ ఉంటుందని ముందే తెలిస్తే భయం తగ్గుతుంది.

వలస వచ్చిన మనకు ఇది కొత్త సంగతి కాదు. ఊరు మారిన తొలి నాళ్లలో అంగడిలో మాట పెగలక, ఇరుగుపొరుగుల పలకరింపులోని ఆత్మీయత అర్థంకాక పడిన ఇబ్బంది చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ తరువాత సెలవులకు సొంతూరు వెళ్లినప్పుడు ‘నీ మాటలో అరవ యాస వచ్చిందే’ అని బంధువులు నవ్వితే కలిగిన చిన్న నొప్పి ఆ రెండవ లోయకు చెందినదే. తల్లిదండ్రులు ఈ అనుభవాన్ని పిల్లలతో పంచుకుంటే అది ఏ శిక్షణ తరగతికీ తీసిపోదు.

తిరిగివచ్చినవారి బాధ్యత

వెళ్లివచ్చిన విద్యార్థి ఇంటికి చేరడంతో కార్యక్రమం ముగియదు. కొత్త అభ్యర్థులతో ముఖాముఖి మాట్లాడడం, ప్రయాణానికి ముందు వారిని సిద్ధం చేయడం, విదేశాల నుండి వచ్చే పిల్లలకు ఇళ్లు వెదకడం, దిగులుపడిన వారికి తోడుగా నిలవడం వంటి పనులలో అధిక భాగం పూర్వ విద్యార్థులే చేస్తారు. తాను ఒకప్పుడు ఉచితంగా పొందిన ఆతిథ్యానికి ఇది ప్రతిఫలం. ఆతిథ్యమిచ్చిన వారికే అప్పు తీర్చడం సాధ్యం కాదు గనుక తరువాత వచ్చేవారికి తీరుస్తారు.

యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు అధ్యక్షురాలు క్రిస్టీన్ లగార్డ్ యౌవనంలో ఏ.ఎఫ్.ఎస్. విద్యార్థినిగా ఫ్రాన్సు నుండి వెళ్లి అమెరికాలోని ఒక బడిలో చదివారు. ఇటువంటి ప్రముఖుల పేర్లు ప్రచారానికి ఉపకరిస్తాయి. ప్రతి ఏటా సెలవు దినాలను వెచ్చించి కొత్త పిల్లలకు దారి చూపే పేరులేని పూర్వ విద్యార్థుల వల్లనే సంస్థ నిలుస్తుంది.

అతిథిగా వచ్చి ఇరుపక్షాల నడుమ వారధిగా నిలిచినవారి కథ ధర్మపురికి కొత్త కాదు. ఈ ఊరి ప్రాచీన నామం తగడూరు. సంగమ సాహిత్యంలో తగడూరు పాలకుడు అదియమాన్ నెడుమాన్ అంజి, కవయిత్రి ఔవయ్యారును ఆదరించి, అరుదైన ఉసిరికాయను ఆమెకే ఇచ్చిన వృత్తాంతం తమిళనాట పిల్లలందరికీ తెలుసు. అదే ఔవయ్యారు ఆ తరువాత అతని పక్షాన కంచి తొండైమాన్ వద్దకు దూతగా వెళ్లింది. మన పిల్లలు బడిలో చదివే ఈ కథను ఇంట్లో తెలుగులో చెప్పించుకోవడం కూడా ఒక చిన్న మార్పిడియే.

విదేశానికే వెళ్లనక్కరలేదు

మన దేశంలో భాషల మధ్య జరిగే మార్పిడికి నవోదయ విద్యాలయాలు చక్కని ఉదాహరణ. 1985–86లో రెండు బడులతో మొదలైన ఈ వ్యవస్థలో తొమ్మిదవ తరగతి పిల్లలలో 30 శాతం మందిని ఒక విద్యా సంవత్సరం పాటు మరొక భాషా ప్రాంతానికి పంపే పద్ధతి ఉంది. హిందీ జిల్లాల పిల్లలు హిందీయేతర జిల్లాలకు, ఇక్కడివారు అక్కడికి వెళతారు. తమిళనాడులో నవోదయ విద్యాలయాలు లేవు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఉన్నాయి. మన బంధువుల పిల్లలలో ఎవరైనా నవోదయలో చదివి ఉంటే, ఆ ఏడాది గురించి వారిని అడిగితే ఎన్నో సంగతులు తెలుస్తాయి.

స్వచ్ఛంద రంగంలో ఎస్.ఎన్. సుబ్బారావు గారి కృషి గణనీయమైనది. బెంగళూరులో 1929లో జన్మించిన ఆయన పేరులోని తొలి అక్షరం సేలమును సూచిస్తుంది. 1965 వరకు ధర్మపురి ఆ సేలం జిల్లాలోనే ఉండేది. 1972లో చంబల్ లోయ బందిపోట్లు ఆయుధాలు విడిచిపెట్టడం వెనుక ఆయన శ్రమ కూడా ఉంది. 2021లో కన్నుమూసే వరకు ఆయన నేషనల్ యూత్ ప్రాజెక్టు ద్వారా వివిధ రాష్ట్రాల యువకులను ఒకే శిబిరంలోకి చేర్చి, కలిసి వండుకొని, కలిసి శ్రమదానం చేసి, ఒకరి భాషలో మరొకరు పాడేలా ప్రోత్సహించారు.

నిర్ణయానికి ముందు అడగవలసినవి

మొదటిది చదువు. సి.బి.ఎస్.ఇ. పరీక్షలకు తొమ్మిది, పదకొండు తరగతులలోనే విద్యార్థి పేరు నమోదు కావాలి. ఆ ఏడాది విదేశంలో ఉంటే తిరిగి వచ్చాక ఏ తరగతిలో చేర్చుకుంటారో బడి నుండి లిఖితపూర్వకంగా తెలుసుకోవాలి. రాష్ట్ర బోర్డు విద్యార్థులు కూడా ప్రధానోపాధ్యాయులను ముందే సంప్రదించాలి. ఒక ఏడాది వెనుకబడితే ఇంట్లో అందరూ మనస్ఫూర్తిగా అంగీకరించగలరా అన్నది బిడ్డతో కలిసి ఆలోచించాలి.

రెండవది ఖర్చు. సేవకులు జీతం తీసుకోరు గనుక కార్యక్రమం ఉచితమని భావించరాదు. విమాన టికెట్టు, బీమా, వీసా, శిక్షణ వంటివాటికి రుసుము ఉంటుంది. కొన్నింటికి ఉపకార వేతనాలు లభిస్తాయి. 2002లో అమెరికా ప్రభుత్వం నెలకొల్పిన కెన్నెడీ–లూగర్ ‘యస్’ పథకం పూర్తి ఖర్చు భరించే విధంగా రూపొందింది. అందులో పాల్గొన్న దేశాలలో మన దేశమూ ఉంది. ఏ పథకమైనా ఈ ఏడాది దరఖాస్తులు స్వీకరిస్తున్నదో లేదో సంస్థనే నేరుగా అడగాలి.

మూడవది తిరుగు ప్రయాణం. ఈ మార్పిడి వలసకు దొడ్డిదారి కాదు. అమెరికా ప్రభుత్వ నిధులతో వెళ్లిన విద్యార్థులు స్వదేశంలో రెండేళ్లు గడిపే వరకు ఆ దేశపు కొన్ని ఉద్యోగ వీసాలకు, శాశ్వత నివాసానికి సాధారణంగా అర్హులు కారు. ఎంపిక ఖాయమని గాని, తరువాత అక్కడే ఉద్యోగం చూపిస్తామని గాని చెప్పి డబ్బు అడిగేవారిని నమ్మరాదు.

నాలుగవది ఇంటి భాష. పరాయి ఇంట్లో మన బిడ్డను తప్పక అడిగే ప్రశ్న, ‘మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? మీ పండుగ ఏమిటి?’ అని. మన పిల్లలలో కొందరు తెలుగు చక్కగా మాట్లాడినా అక్షరాలు చదవలేరు. మరికొందరు స్నేహితుల ముందు తెలుగు మాట్లాడడానికి సిగ్గుపడతారు. తన ఇంటిని గురించి చెప్పలేని విద్యార్థి ఇతరుల ఇంటి నుండి తీసుకోగలిగినదీ తక్కువే. కనుక ఇంగ్లీషుకు పెట్టే శ్రద్ధలో కొంత తెలుగు వర్ణమాలకు పెట్టడం కూడా ఈ ప్రయాణపు సన్నాహమే. తమిళం బాగా వచ్చిన బిడ్డకు అది రెండవ సంపద.

పిల్లలను పంపే స్తోమత లేని కుటుంబాలు కూడా ఆతిథేయులు కావచ్చు. అందుకు పెద్ద మేడ అవసరం లేదు. భద్రమైన పడక, ఇంట్లో అందరితో పాటు భోజనం, చదువుకోవడానికి చోటు, ఓపికగా వినే మనుషులు ఉండాలి. అంతకంటే ముందుగా ప్రారంభించదగిన పని మన వీధిలోనే ఉంది. పొంగల్ నాడు పొరుగింటి తమిళ పిల్లలను, ఉగాది నాడు కొత్తగా వలస వచ్చిన ఇతర రాష్ట్రాల పిల్లలను ఇంటికి పిలిచి, పచ్చడిలోని ఆరు రుచుల అర్థం మన బిడ్డల చేతనే చెప్పించవచ్చు. ఆ మాటలు ఏ భాషలో చెప్పాలో, తెలియని చోట ఎలా సర్దుకోవాలో పిల్లలు వారంతట వారే నేర్చుకుంటారు.