పసిడి పోయినది, పాదరసము మిగిలినది

రాతిలోని బంగారమును వేరుచేయుటకు మానవుడు కనుగొన్న సులభోపాయములలో పాదరసము ముఖ్యమైనది. పొడిచేసిన రాతిలోని సన్నని పసిడిరేణువులను అది తనలో కలుపుకొనును. ఆ ముద్దను కాచినచో పాదరసము ఆవిరియై పోయి పసిడి మిగులును. కాని ఆవిరియైనది గాలిలోను, చేజారినది గనిమట్టిలోను నిలిచి, నీటి యడుగున బురదలో సూక్ష్మజీవులచే మిథైలు పాదరసముగా మారి, చేపల మూలమున మనుష్యుల దేహమును జేరుచున్నది. గర్భస్థ శిశువు మెదడునకు దానివలన కలుగు హాని మిక్కిలి ఘోరమైనది.

ఇందులకు కాలిఫోర్నియా చరిత్రమే నిదర్శనము. 1848లో అచట బంగారము కనబడిన పిమ్మట కంపెనీలు నీటిధారలతో కొండలనే కరగించి, ఆ బురదను పాదరసము పోసిన కాలువలలో పారించెను. ఆ రాష్ట్రపు ఒండ్రుగనులనుండి చేజారిన పాదరసము ఒక కోటి పౌనులని అంచనా. బురద దిగువ పొలములను కప్పివేయగా రైతులు న్యాయస్థానమున కెక్కిరి. మేరీస్‌విల్ ఆస్తిదారుడగు వుడ్రఫ్ వేసిన వ్యాజ్యెములో 1884లో న్యాయాధిపతి సాయర్ ఆ బురదను నదులలో వదలరాదని తీర్పు చెప్పెను. రైతు గెలిచెను. అయినను ఆ తీర్పు రాబోవు బురదను ఆపినదే గాని, అంతకుముందు పోయిన పాదరసమును వెనుకకు దేలేకపోయినది. అచటి కొన్ని జలాశయముల చేపలను మితముగా తినవలెనని నేటికిని ప్రభుత్వము హెచ్చరించుచున్నది.

దానిని తీసివేయరాదా యని పాఠకులడుగవచ్చును. తీయవచ్చును. పాదరసము నీటికంటె పదమూడున్నర రెట్లు బరువు. కనుక మట్టిని కడిగి, వేగముగ దిరుగు పాత్రలలో వేసినచో అది వేరుపడును. మూతగల బట్టీలో కాచినచో 357 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగును. ఆవిరిని చల్లార్చి మరల పట్టవచ్చును. పట్టినదానిని గంధకముతో కలిపి, నీట కరగని ఇంగిలీకమువంటి పదార్థముగా జేసి భద్రపరుపవచ్చును.

కాని ఇచట నొక చిక్కు కలదు. అమెరికన్ నది దక్షిణశాఖలో జరిపిన పరీక్షాఫలితమును కాలిఫోర్నియా రాష్ట్ర జలవనరుల మండలి 2005లో ప్రకటించెను. నదీగర్భమును పీల్చు యంత్రము అందలి పాదరసమున నూటికి 98 పాళ్లు పట్టినది. ఎంతటి విజయమని తోచును! అయితే తప్పిపోయిన 2 పాళ్లు పిండివలె నలిగి, నీటితో కొట్టుకొనిపోయెను. ఆ మట్టిలోని పాదరసము ప్రమాదకర వ్యర్థమునకు విధించిన పరిమితికి పదిరెట్లకు మించియుండెను. అడుగున నిద్రించు విషమును లేపి దిగువకు పంపినట్లయినది. 2009లో ఆ రాష్ట్రము అట్టి యంత్రముల వాడుకను నిలిపివేసినది. ఎంత తీసితిమని గర్వించుటకు ముందు, మిగిలినది ఎచటికి పోయినదని అడుగవలెను.

ఇంతకంటె పెద్ద ప్రమాదము మరియొకటి. పాత మట్టిలో మిగిలిన బంగారమునకై దానిపై సైనైడు ద్రావణము పోయుదురు. సైనైడు పసిడినేగాక పాదరసమునుగూడ కరగించి నీటితో పయనింపజేయును. అందుచేతనే 2013 నాటి మినమాటా ఒడంబడిక, పాదరసము కలిసిన మట్టిని ముందుగా శుద్ధిచేయక సైనైడు వాడు పద్ధతిని రూపుమాపవలెనని విధించినది. భారతదేశము 2018లో దానిని ధ్రువీకరించినది. ఆ నియమము చిన్నగనులకై వ్రాయబడినను, అందలి న్యాయము పెద్దగనులకును చెల్లును.

ఈ మాట మన పొరుగునకే తగులును. తెలుగువారనేకులు చెమటోడ్చిన కోలారు పసిడిగనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. వాని ప్రక్కన సైనైడు దిబ్బలు నిలిచియున్నవి. పూర్వము అచట పాదరసము పూసిన పలకలపై రాతిపొడిని పారించి బంగారము పట్టిరి. 13 దిబ్బలను మరల త్రవ్వుటకు 2024 జూనులో కర్ణాటక మంత్రివర్గము సమ్మతించెను. ఈ యుద్యమమునకు మేము విరోధులము గాము. బంగారముతోపాటు విషమునుగూడ తొలగింపగలిగినచో అది దేశమునకు లాభమే. అయితే ప్రతిదిబ్బను త్రవ్వుటకు ముందు పాదరసమునకై పరీక్షించి, ఫలితమును ప్రజలయెదుట పెట్టవలెను. పాదరసము కనబడినచో దానిని తీసినపిదపనే సైనైడు వాడవలెను. కడిగిన నీరు పాలారు పరీవాహమున కలియకుండ కట్టడి చేయవలెను. ఇందులకగు వ్యయము పసిడి తీయువారి లెక్కలోనే పడవలెను.

కాలిఫోర్నియాలో లాభము ననుభవించినవారు పోయిరి. అప్పు మాత్రము మునిమనుమలు తీర్చుచున్నారు. కోలారు దిబ్బపై తొలి పార పడకమునుపే ఈ లెక్క తేలవలెనని మా కోరిక.