గ్రీన్ టీకి వేరే మొక్క ఉండదు

తెలంగాణలోని జైనూర్ చుట్టుపక్కల పత్తి, కంది, జొన్న చేలే గానీ తేయాకు తోట ఎక్కడా కనిపించదు. నాలుగు నెలలు కురిసి ముఖం చాటేసే వానలు, ఎర్రటి ఎండాకాలం ఆ మొక్కకు పడవు. ఇక్కడి హోటళ్లలో మరిగే చాయ్ పత్తి అస్సాం నుంచో నీలగిరి నుంచో రావాల్సిందే. తోట చూడకుండా పొడే చూసేవాళ్లు గ్రీన్ టీది ఒక మొక్క, మామూలు చాయ్‌ది ఇంకో మొక్క అనుకోవడంలో వింతేమీ లేదు. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ కూడా 18వ శతాబ్దంలో వీటిని రెండు జాతులుగానే రాశాడు. 1840లలో చైనా తోటలు తిరిగిన వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఫార్చ్యూన్ మాత్రం ఒకే మొక్క ఆకుతో రెండు రకాలూ చేయొచ్చని తేల్చాడు. అస్సాం పెద్దాకు, చైనా చిన్నాకు వేరువేరు కదా అంటారా? నిజమే, రుచిలో తేడా ఉంటుంది. అయినా అవి ఒకే జాతిలోని రెండు రకాలు. దేనితోనైనా గ్రీన్ టీ చేయొచ్చు, బ్లాక్ టీ చేయొచ్చు.

తేడా అంతా కోసిన తర్వాతే. కోసిన వంకాయ ముక్క గాలికి నల్లబడినట్టే, నలిగిన తేయాకులోని ఎంజైములు గాలి తగిలి రంగు మారుస్తాయి. కోసిన వెంటనే ఆవిరి పట్టినా, బాండీలో వేడి చేసినా ఎంజైము చచ్చి ఆకు పచ్చగానే నిలుస్తుంది: అది గ్రీన్ టీ. సగంలో ఆపితే ఊలాంగ్. నలపకుండా వాడబెట్టి ఆరబెడితే వైట్ టీ. పూర్తిగా మారనిస్తే బ్లాక్ టీ. ఆకును మాడ్చి నల్లగా చేస్తారన్నది ఉత్తమాట. మన చాయ్‌కి వాడే సీటీసీ (క్రష్, టియర్, కర్ల్) పద్ధతి 1930ల నాటిది. వాడబెట్టిన ఆకును వేర్వేరు వేగాలతో తిరిగే పళ్ల రోలర్ల మధ్య వేస్తే చితికి, చిరిగి, ఉండ కడుతుంది. పచ్చటి ముద్ద చూస్తుండగానే రాగిరంగుకు తిరుగుతుంది. అప్పుడు వేడిగాలిలో ఆరబెడితే నల్లటి పలుకులవుతాయి. పాలు, చక్కెర కలిపినా నిలిచే చిక్కదనం ఆ చితకడం వల్లే వస్తుంది.

ఆ పలుకులను జల్లెడ పడితే అడుగున దిగే సన్నరకాన్నే డస్ట్ అంటారు. అది ఫ్యాక్టరీ ఊడ్చిన చెత్త అన్నది మొండి అపోహ. అసలు చెత్తకు 1959లోనే టీ వేస్ట్ కంట్రోల్ ఆర్డర్ అని విడిగా చట్టం ఉంది. డస్ట్ సన్నగా ఉంటుంది కనుక త్వరగా దిగుతుంది; హోటలువాళ్లు అందుకే కోరి కొంటారు. మరి లూజ్ పొడి చన్నీళ్లలోనే ఎర్రరంగు వదులుతుందే అంటే, ఆ అనుమానం న్యాయమైనదే. కానీ అది పొడి సన్నదనం తప్పు కాదు, కలిపిన రంగుది. ఫిల్టర్ కాగితం మీద కాస్త పొడి చల్లి, నీళ్లతో తడిపి, తర్వాత కడిగి వెలుతురుకు పట్టి చూస్తే, రంగు కలిపిన పొడైతే మరకలు మిగులుతాయి.