పంపు మీద ఇ85, ట్యాంకులో ఎంత? చలికి ఫ్లెక్స్ ఫ్యూయల్ ట్రక్కులు ఎందుకు మొరాయిస్తాయి

చలికి ఫోన్ ఆగిపోతే జేబులో పెట్టుకుని కాస్త వెచ్చబెడితే చాలు, మళ్లీ లేస్తుంది. రెండు టన్నుల పికప్ ట్రక్కును జేబులో పెట్టుకోలేం కదా! అమెరికాలో మిన్నెసోటా, అయోవా వైపు ఉంటూ ఫ్లెక్స్ ఫ్యూయల్ ట్రక్కు నడిపేవాళ్లకు ఈ ఇబ్బంది తెలిసే ఉంటుంది. పొద్దున్నే మైనస్ 20 డిగ్రీలు. సెల్ఫ్ కొడితే మోటార్ తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. చాలామంది వెంటనే బ్యాటరీని అనుమానిస్తారు. కానీ ఒక్కోసారి తేడా ట్యాంకులో ఉంటుంది. అదేంటో, చేతిలో ఉన్న ఫోన్‌తోనే దాన్ని ఎలా పట్టుకోవచ్చో చూద్దాం.

ఇథనాల్‌కు చలి ఎందుకు పడదు?

స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వకు అంటుకునేది ద్రవం కాదు, ఆవిరి. పెట్రోలు అనేక పదార్థాల మిశ్రమం. అందులో తేలిగ్గా ఆవిరయ్యే భాగాలు ఎంత చలిలోనైనా ముందు పైకి లేచి మంట అందుకుంటాయి. ఇథనాల్ అలా కాదు, అది ఒకే పదార్థం. 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అంటుకునేంత ఆవిరి రావాలంటే శుద్ధ ఇథనాల్ కనీసం 13 నుంచి 17 డిగ్రీల వెచ్చదనంలో ఉండాలి. పెట్రోలుకు మైనస్ 40 డిగ్రీలైనా ఫర్వాలేదు.

పైగా ఆవిరయ్యేటప్పుడు ఇథనాల్ పెట్రోలు కన్నా రెండు రెట్లకు పైగా వేడిని పీల్చుకుంటుంది. అంటే చల్లటి సిలిండర్‌ను ఇంకా చల్లబరుస్తుంది. మోతాదు కూడా ఎక్కువే కావాలి. ఒక కిలో పెట్రోలు మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఒక కిలో ఇథనాల్‌కు 9 కిలోలే చాలు. అంటే అదే గాలికి ఇథనాల్‌ను ఎక్కువ పోయాలి. ఆవిరి కాని ద్రవాన్నే ఇంకా ఇంకా పోస్తే చివరికి ప్లగ్‌లు తడిసిపోతాయి.

పేరు 85, లోపల 51 కూడా కావచ్చు

ఈ ఇబ్బందికి విరుగుడు బంకులోనే మొదలవుతుంది. అమెరికా ప్రమాణం ఏఎస్‌టీఎం డి5798 ప్రకారం ఇ85 పేరుతో అమ్మే ఇంధనంలో ఇథనాల్ 51 నుంచి 83 శాతం వరకు ఎంతైనా ఉండొచ్చు. వాతావరణాన్ని బట్టి ఇందులో నాలుగు తరగతులు ఉన్నాయి. చలి పెరిగే కొద్దీ ఆవిరయ్యే గుణం పెంచాలి కాబట్టి ఇథనాల్ తగ్గించి పెట్రోలు భాగం పెంచుతారు. స్వీడన్‌లో కూడా ఇంతే, అక్కడ చలికాలపు ఇ85లో ఇథనాల్ 75 శాతం దగ్గరికి దిగుతుంది.

కాబట్టి చలికాలంలో ఇ85 అనేది కొలత కాదు, పేరు మాత్రమే.

అసలు చిక్కు ఎక్కడ?

చలికాలపు మిశ్రమం కొత్తగా కొట్టించుకున్న బండికి సాధారణంగా ఇబ్బంది ఉండదు. బండి మొండికేసేది ముఖ్యంగా రెండు సందర్భాల్లో.

మొదటిది పాత ఇంధనం. సెప్టెంబరులో ట్యాంకు నిండా ఇ85 కొట్టించి, బండి పెద్దగా తీయకుండా, డిసెంబరులో ఇండియాకు బయల్దేరారనుకుందాం. సంక్రాంతి చేసుకుని తిరిగొచ్చేసరికి బయట మైనస్ 20, ట్యాంకులో మాత్రం ఎండాకాలపు మిశ్రమం. ఇక స్టార్ట్ కావడం కష్టమే. అమ్మకాలు తక్కువగా ఉండే బంకులో కొట్టించినా ఇదే ప్రమాదం ఉంది.

రెండోది కంప్యూటర్ తప్పు అంచనా. కొన్ని ట్రక్కుల్లో ఇథనాల్ శాతాన్ని నేరుగా కొలిచే సెన్సర్ ఉంటుంది. చాలావాటిలో అది ఉండదు. పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ రీడింగ్ చూసి, కొన్ని కిలోమీటర్లు నడిచాక కంప్యూటర్ శాతాన్ని లెక్కగడుతుంది. ఫోన్‌లో బ్యాటరీ శాతం లాగే ఇదీ అంచనాయే. రాత్రి ఇంటి పక్క బంకులో ఇ85 నింపి, ఒక్క కిలోమీటరు నడిపి పార్క్ చేస్తే అది నేర్చుకునే అవకాశం ఉండదు. పొద్దున ఇంకా పెట్రోలే ఉందనుకుని తక్కువ ఇంధనం పోస్తుంది. ఆక్సిజన్ సెన్సర్ వేడెక్కితేగానీ పనిచేయదు కాబట్టి, స్టార్ట్ చేసే ఆ క్షణంలో సరిదిద్దుకోలేదు కూడా.

2014 నుంచి వచ్చిన షెవ్రొలే సిల్వరాడో 5.3 లీటర్ వీ8 లాంటి డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్లు కొంత నయం. ఇంధనాన్ని ఎక్కువ ఒత్తిడితో నేరుగా సిలిండర్‌లోకి చిమ్మడం వల్ల తుంపరలు సన్నగా వచ్చి త్వరగా ఆవిరవుతాయి.

ఏం చేయాలి?

1. ఓబీడీ2 డాంగుల్ కొనండి. 1996 తర్వాత అమెరికాలో అమ్మిన కార్లు, పికప్‌లన్నిటికీ స్టీరింగ్ కింద ఈ పోర్ట్ ఉంటుంది. బ్లూటూత్ డాంగుల్ పెట్టి ఫోన్ యాప్‌లో ‘ఇథనాల్ శాతం’ అనే రీడింగ్ చూడండి. అన్ని మోడళ్లూ చూపించవు. చూపించే బండిలో మాత్రం కంప్యూటర్ ఏమనుకుంటోందో మీకు తెలిసిపోతుంది.

2. చలి ముదరకముందే కలపండి. ట్యాంకు సగం 83 శాతం మిశ్రమం ఉంటే, మిగతా సగం మామూలు ఇ10 పెట్రోలు పోయండి. మొత్తం 46 శాతం దగ్గరికి దిగుతుంది. ఫ్లెక్స్ ఫ్యూయల్ ఇంజిన్‌కు ఏ పాళ్లలో కలిపినా ఫర్వాలేదు. ఊరెళ్లే ముందు ఈ పని తప్పక చేయండి.

3. ఇంధనం మార్చిన వెంటనే పార్క్ చేయకండి. ఓ పది కిలోమీటర్లయినా నడపండి.

4. బ్లాక్ హీటర్ వాడండి. ఇంజిన్‌లోని కూలెంట్‌ను వెచ్చబెట్టే చిన్న హీటర్ ఇది. స్మార్ట్ ప్లగ్‌తో తెల్లవారుజామున మూడు గంటల ముందు ఆన్ అయ్యేలా పెట్టుకోవచ్చు. ఆరుబయట వాడటానికి తయారైనది, 15 ఆంపియర్లు తట్టుకునేది మాత్రమే తీసుకోండి. ఇంట్లో దీపానికి వాడే ప్లగ్ దీనికి పనికిరాదు.

5. స్టార్ట్ కాకపోతే సెల్ఫ్ కొడుతూనే ఉండకండి. పది సెకన్లు కొట్టి ఆపండి, కాసేపు ఆగండి. ప్లగ్‌లు తడిశాయని అనిపిస్తే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టండి. చాలా బళ్లలో అప్పుడు ఇంధనం ఆగి గాలి మాత్రమే లోపలికి వెళ్తుంది. మీ మాన్యువల్‌లో ఒకసారి చూసుకోండి.

డబ్బు లెక్క

ఇథనాల్‌లో శక్తి లీటరుకు పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ. అందుకే 83 శాతం మిశ్రమంలో శుద్ధ పెట్రోలు కన్నా సుమారు 27 శాతం, 51 శాతం మిశ్రమంలో సుమారు 17 శాతం శక్తి తగ్గుతుంది. అంటే ఇ85 ధర కనీసం ఐదో వంతైనా తక్కువ లేకపోతే మిగిలేదేమీ ఉండదు. చలికాలంలో దగ్గర దగ్గర ప్రయాణాలే చేసేవాళ్లకు ఇంకో నష్టం: ఆవిరి కాని ఇంధనం ఇంజిన్ ఆయిల్‌లోకి జారి దాన్ని పల్చబరుస్తుంది. వాళ్లు ఆయిల్ కాస్త ముందుగానే మార్చుకోవాలి.

మన దగ్గర భయపడాలా?

అక్కర్లేదు. ఇక్కడి ఇ20లో 80 శాతం పెట్రోలే కాబట్టి ఆదిలాబాద్, లంబసింగి చలికి స్టార్టింగ్‌లో ఇథనాల్ వల్ల అంత ఇబ్బంది రాదు. 2024 మార్చిలో కొన్ని రాష్ట్రాల్లో ఇథనాల్ 100 పంపులు మొదలయ్యాయి. అలాంటి ఇంధనంతో నడిచే కార్లు పెరిగితే కశ్మీర్, హిమాచల్‌లలో ఈ ప్రశ్న వస్తుంది. దానికి జవాబు బ్రెజిల్‌లో ఎప్పుడో దొరికింది. మొదట్లో అక్కడి ఫ్లెక్స్ కార్లలో స్టార్ట్ చేయడానికి ప్రత్యేకంగా చిన్న పెట్రోలు ట్యాంకు ఉండేది. 2009లో ఇంధనాన్నే ముందుగా వేడిచేసే పద్ధతి వచ్చాక ఆ ట్యాంకు అవసరం తగ్గిపోయింది.

మా మాట

గ్యారేజీ, బ్లాక్ హీటర్ రెండూ ఉంటే, ధర కలిసొస్తే చలికాలంలో కూడా ఇ85 వాడుకోవచ్చు. బండి రాత్రంతా రోడ్డు పక్కనే ఉంటే డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఇ10కే ఓటేస్తాం. ఈ రెండింటిలో ఏది ఎంచుకున్నా, కొత్త బ్యాటరీకి డబ్బు పెట్టే ముందు ట్యాంకులో ఏ నెల ఇంధనం ఉందో గుర్తుచేసుకోండి.