పాట దానిదా, మనదా?

దసరా సెలవుల్లో ఉస్మానియా క్యాంపస్‌లో చదివే మా అన్న దగ్గరికి వెళ్లాను. తార్నాకలో అన్న స్నేహితుడి గదిలో డిజిటల్ పియానో చూశాను. దానికి 88 మెట్లు; తెల్లవి 52, నల్లవి 36. బటన్ నొక్కితే లోపలున్న పాట దానంతటదే మోగింది. నేను వాయిస్తున్నట్టు ఊరికే వేళ్లాడించాను. ఆయన నవ్వి, "వాయించింది అది, నువ్వు కాదు తమ్ముడూ" అన్నాడు. సిగ్గేసింది.

తర్వాత పద్ధతి చెప్పాడు. ముందు పాటను బాగా వినాలి. వేగం తగ్గించాలి. కుడిచేతి భాగం ఆపేస్తే ఎడమచేతిది మాత్రమే మోగుతుంది, కుడిచేతిది మనం వాయించాలి. ఎన్నిసార్లడిగినా పియానో విసుక్కోదు. కానీ మన తప్పు చెప్పదు. దాన్ని మన చెవే పట్టుకోవాలి.

మా ఊళ్లో డోలు కూడా పెద్దల పక్కన కూర్చుని, వినే నేర్చుకుంటాం. రెండ్రోజుల్లో నాకు వచ్చింది ఒక్క చరణమే. అయినా అది నాది.